పెచ్చులమిట్ట రాళ్ళదిబ్బ

లేవికి అసహ్యం వేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు. నిలబడి తినే పెళ్ళిభోజనాలంటే అసహ్యం. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు మైకులో పెట్టే ప్రతిధ్వని అంటే అసహ్యం. ఫ్లెక్సీల మీద చేతులు జోడించి పళ్ళికిలించే మనుషులంటే మరీ అసహ్యం. అసహ్యం వేసినప్పుడు ఆయన తిట్టడు, కొట్లాడడు. పెదవి ఒక పక్కకు విరిచి, థూ అని గాలిలోకి ఉత్తుత్తిగా ఉమ్మి, మొహం అటు తిప్పేసుకుంటాడు. అక్కడితో ఆ వస్తువు ఆయన లోకంలో లేనట్టే. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు కాఫీ తాగి ఇట్లాగే మొహం తిప్పుకున్నాడని ఆయన భార్య ఏసుమణి చెబుతుంది. ఆ అసహ్యం కాఫీ మీదనా తన మీదనా అన్నది ఇప్పటికీ తేలలేదట.

లేవికి అరవై దాటి ఎన్నో ఏళ్ళయింది. బతుకంతా నాపరాయి గనిలో బండలు కొట్టాడు. ఇప్పుడు పనికి పోవడం లేదు. చర్చి సంఘంలో పెద్దగా ఉన్నాడు, ఆదివారం కానుకల పళ్ళెం పడతాడు, మిగతా రోజులు ఎవరిని చూసి ఏవగించుకోవాలా అని వెతుక్కుంటాడు. ఈ ఏడాది ఈస్టరు తర్వాత ఆ వెతుక్కునే శ్రమ తప్పింది. ఊరి చివర కమాను లేచింది.

బనగానపల్లె నుంచి బస్సులో ముప్పావుగంట పోతే వాళ్ళ ఊరు సుద్దపల్లె వస్తుంది. ఊరి చివర చర్చి కాంపౌండు, చర్చి వెనక బేతనియ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం. కమాను దానిదే. గోలుస్తంభాలకు రెండింతల ఎత్తుంటుంది. పైన ఒక నాయకుడి బొమ్మ, పక్కన ఆయన తండ్రిగారి బొమ్మ, ఇద్దరి మధ్యా ఒక బంతి. ఆ బంతి క్రికెట్ బంతి. గీసినవాడికి చెప్పినవాడు లేడు, గీశాక చూసినవాడు లేడు. లేవి చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు. ఈ మొహం తిప్పుకునే అలవాటే ఊరి కొంప ముంచింది. అదెట్లాగో తెలియాలంటే ముందు ఆ మైదానం ఎట్లా పుట్టిందో తెలియాలి.

ఆ నేలను ఒకప్పుడు పెచ్చులమిట్ట అనేవారు. చుట్టుపక్కలంతా నాపరాయి గనులు. బండ తీసేటప్పుడు ఎగిరే పలచని ముక్కను పెచ్చు అంటారు. దాని అంచు కత్తిలాగా కోస్తుంది. తరతరాలుగా గనుల్లోని పెచ్చులన్నీ తెచ్చి పారబోసిన చోటు అది. విత్తనం వేస్తే మొలవదు, పశువును తోలితే కుంటుతూ తిరిగొస్తుంది. అందుకే బోర్డింగు స్కూలు పెట్టడానికి ఒక పాదిరి దొర వచ్చి స్థలం అడిగితే, ఊరి ఆసామి ఒకాయన చాలా ఉదారంగా ఆ మిట్టను రాసిచ్చేశాడు. పనికిరానిది దానం చేసి పేరు కొట్టేసే అలవాటు ఈనాటిది కాదు.

దొర దగ్గర ఒక తోలుబంతి ఉండేది. పిల్లలకు ఆడాలని ఉండేది. కాళ్ళకు చెప్పులుంటే కదా! పది అడుగులు పరుగెత్తితే పాదం తెగేది. దొర ఆలోచించి ఒక నియమం పెట్టాడు. బంతి ముట్టుకోవాలంటే ముందు ఒడి నిండా రాళ్ళు ఏరి పడమటి అంచున పోయాలి. కొన్నాళ్ళకు దొర తన దేశానికి పోయాడు, బంతి చిరిగిపోయింది, నియమం మాత్రం నిలిచిపోయింది. నిలిచిపోయి పెద్దదైంది. ఏటా పంట చేతికొచ్చాక చర్చిలో చేసే కోతల పండుగనాడు ఆరాధన ముగిశాక, కానుకగా వచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం పాడకముందు, సంఘమంతా మైదానంలోకి దిగేది. మనిషికీ మనిషికీ చేయి అందేంత ఎడంలో ఒకే వరస కట్టి, తూర్పు నుంచి పడమటికి వంగి నడుస్తూ రాళ్ళు ఏరేవారు. ఆడవాళ్ళు కొంగుల్లోకి, మగవాళ్ళు తువ్వాళ్ళలోకి. అంచుకు చేరాక అన్నీ కుప్ప మీద పోస్తే అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరు, ఆ కుప్ప మీదికి చేయి చాపి ప్రార్థన చేసేవాడు. దీన్ని ఏరుడు అనేవారు. ఏరుడు అయితేనే పండుగ మ్యాచి. ఏరనివాడికి ఆడే హక్కు లేదు, చూసే హక్కు కూడా లేదు.

ఏరేకొద్దీ వచ్చేవి. ప్రతి వానకూ కింది పెచ్చులు పైకి తేలేవి. లేవి తల్లి విశ్వాసమ్మ నిండు చూలాలుగా ఉండి కూడా ఏరిందట. వంగినప్పుడల్లా లోపలి నుంచి వాడు తన్నేవాడని, బంతి ఏ పక్క పోతోందో వాడికి తెలిసేదని ఆమె చివరి దాకా చెప్పుకుంది. లేవికి నడక వచ్చిన ఏడాది నుంచే ఏరడం వచ్చింది. ఒకటి ఏరి ఒకటి నోట్లో పెట్టుకునేవాడని కూడా ఆమే చెప్పింది.

కుప్ప దిబ్బ అయింది. దిబ్బ మీద కూర్చుని ఆట చూడడం మొదలైంది. పడమటి పక్కన ఉండడంతో సాయంత్రం ఎండ చూసేవాళ్ళ వీపుకు తగిలేది, వెనక వేపచెట్లు నీడ పట్టేవి. లేవి గనిలో పనికి చేరాక, సెలవు దొరికినప్పుడల్లా తోటి కూలీలను వెంటేసుకుని పనికిరాని పెద్ద బండలు దొర్లించుకొచ్చి ఆ దిబ్బకు మెట్లు పేర్చాడు. ఈస్టరు వచ్చిందంటే మెట్ల అంచులకు సున్నం కొట్టేవారు. కింది మెట్టున కుడి చివర విశ్వాసమ్మ చోటు. ఆమె పోయాక కూడా అక్కడ ఎవరూ కూర్చోలేదు. బేతనియ క్లబ్బుకు స్టేడియం అంటే అదే. నంద్యాల నుంచీ ప్రొద్దుటూరు నుంచీ వచ్చిన టీములు బస్సు దిగి ఆ దిబ్బను చూసి నవ్వేవి. ఆట మొదలై, దిబ్బంతా ఒక్కసారి అరిచాక మళ్ళీ నవ్వేవి కావు.

అయినా అసలు గొప్పతనం దిబ్బది కాదు, నేలది. ఈ కరువు నేలల్లో గోల్‌కీపరు అన్నవాడు ఒళ్ళు దాచుకునే ఆడతాడు. దూకితే బంతి దొరుకుతుందో లేదో గానీ మోచేతుల తోలు మాత్రం ఊడుతుంది. సుద్దపల్లెలో దూకవచ్చు. ఆదోని అవతలి పల్లె నుంచి గనిపనికి వలస వచ్చిన గిడ్డయ్య మొదటిసారి అక్కడ బంతికి అడ్డం పడి, లేచి, మోచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. రక్తం లేదు. నమ్మకం కుదరక కావాలనే ఇంకోసారి పడ్డాడు. ఆ సాయంత్రమే క్లబ్బులో చేరిపోయాడు. శనివారం ఆంజనేయస్వామికి ఒక్కపొద్దు ఉండే మనిషి, కోతల పండుగనాడు మాత్రం ఏరుడు వరసలో అందరికన్నా ముందుండేవాడు. లేవి ఫుల్‌బ్యాకు, ఆయన వెనక గిడ్డయ్య. ఇద్దరినీ దాటి గోలు కొట్టినవాళ్ళ పేర్లు గిడ్డయ్యకు ఇప్పటికీ గుర్తున్నాయి, వాళ్ళ మీద కోపం కూడా తగ్గలేదు.

ఇప్పుడు లేవి మనవరాలు జీవిత ఆడపిల్లల టీముకు గోల్‌కీపరు. నేర్పింది గిడ్డయ్యే. దూకడానికి వెనకాడితే, ఇది మీ ముత్తవ్వ ఏరిన నేల, నిన్నేం చేయదు, పడు అనేవాడు. ఆ పిల్ల పడేది.

ఇక వసంతకుమార్. సంఘానికి కోశాధికారి, వృత్తికి కాంట్రాక్టరు, వరసకు లేవికి మేనల్లుడు. చిన్నప్పుడు బంతి తగిలితే అమ్మ దగ్గరికి పరుగెత్తేవాడు. పెద్దయ్యాక క్రీడాభిమాని అయ్యాడు. ఒక నాయకుడి వెంట తిరిగి తిరిగి ఆయన నిధులతో సుద్దపల్లెకు ఒక మినీ స్టేడియం మంజూరు చేయించుకొచ్చాడు. తూర్పున సిమెంటు గ్యాలరీ, రోడ్డు మీదికి కమాను, మైదానం ఎత్తు పెంచి పైన ఎర్రమట్టి. పడమటి దిబ్బ తీసేయాలి. రోడ్డున పోయేవాళ్ళకు అది చెత్తకుప్పలాగా కనిపిస్తోందట, సంఘానికే నామోషీ అట.

సంఘ పెద్దల మీటింగులో లేవి ఒక్కడే కాదన్నాడు. వసంతకుమార్ ఓపిగ్గా విన్నాడు, విని బిర్యానీ పొట్లాలు పంచాడు. ఆ తర్వాత జరిగింది లేవి జన్మలో మరిచిపోలేడు. దిబ్బ మీద పుట్టి పెరిగిన ముసలివాళ్ళు, ఆ రాళ్ళు మోసిన తల్లుల బిడ్డలు, మూతులకు నెయ్యి అంటుకుని, బొమికలు చీకుతూ, నోటి నిండా మెతుకులతో అభివృద్ధి అభివృద్ధి అంటున్నారు. ఒకాయన నమలడం ఆపకుండానే చేయెత్తి సరే అన్నాడు.  లేవి తన పొట్లం విప్పకుండా పక్కకు నెట్టాడు. ఓడిపోయానని తెలిసిపోయింది. అంతలో ఎవరో, ఆ రాళ్ళను క్రషరుకు తోలితే సరి అన్నారు. అప్పుడు లేచి నిలబడ్డాడు.

"ప్రార్థన చేసి పోసిన రాళ్ళు అవి. మరలో వేసి పిండి చేసి, లారీలు తొక్కే రోడ్డుకు పరిచేదానికి కాదు. దిబ్బ తీస్తే తీసుకోండి. ఒక్క రాయి కూడా కాంపౌండు దాటి పోగూడదు."

 ఏసుబాబు అయ్యగారు, పోయినేడు వచ్చిన కుర్రపాస్టరు, భక్తిగా ఆమేన్ అన్నాడు. అందరూ అన్నారు. వసంతకుమార్ లేచొచ్చి లేవి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ మాటే నా మాట మామా. ఒక్క రాయి కూడా దాటదు," అన్నాడు. వాడి చేతికి మసాలా జిడ్డుంది. లేవి తువ్వాలుతో తుడుచుకున్నాడు గానీ, లోపల మాత్రం సగం గెలిచినట్టే అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి ఏసుమణి అరుగు మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. జరిగిందంతా గర్వంగా చెప్పాడు. ఆమె తల ఎత్తకుండా విన్నది.

"మరి అంత దిబ్బ తీసి, ఆ రాళ్ళు యాడ పెడతారంట?"

లేవి దగ్గర జవాబు లేదు. చర్చి వెనక ప్రహరీ కడతారేమో అనుకున్నాడు. అనుకున్నాడే గానీ ఎవరినీ అడగలేదు. ఇవన్నీ నీకెందుకని భార్య మీద విసుక్కుని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

పని మొదలైన రోజు మాత్రం చూడడానికి పోయాడు. పసుపుపచ్చ యంత్రం ఒకటి దిబ్బ ముందు నిలబడి ఉంది. దాని తొట్టి మొదటి దెబ్బ కుడి చివర వేసింది. విశ్వాసమ్మ కూర్చున్న బండ పటుక్కున విరిగి తొట్టిలో పడింది. నడిపేవాడు సెల్‌ఫోనులో ఏదో పాట పెట్టుకుని తల ఊపుతున్నాడు. లేవి పెదవి విరిచాడు, ఉమ్మాడు, మొహం తిప్పేశాడు. పని అయ్యేదాకా ఆ పక్కకు అడుగు పెట్టేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టంటే ఒట్టే. చర్చికి పోవాలన్నా చుట్టు తిరిగి పక్కగేటు నుంచి పోయాడు. వసంతకుమార్ మనుషులు మైదానం చుట్టూ రేకులు కట్టారు. గిడ్డయ్య ఆ నెలల్లో కూతురి దగ్గరకు ఆదోని పోయి ఉన్నాడు. చూడవలసిన కళ్ళు రెండు జతలైతే, ఒక జత ఊళ్ళో లేదు, ఒక జత ఊళ్ళో ఉండీ చూడలేదు.

ఈస్టరు మరునాడు ప్రారంభోత్సవం. రేకులు తీసేశారు. మైదానం ఎర్రగా, నున్నగా, రోలరు తొక్కి కేకు మీద క్రీము పూసినట్టుంది. జనం ఆహా అన్నారు. నాయకుడు ఎండ దిగాక వచ్చాడు. బంతిని తన్నాడు. ఫోటో సరిగా రాలేదంటే మళ్ళీ తన్నాడు. పైన డ్రోను తిరిగింది. ఆటగాళ్ళు పొద్దున్నుంచీ కొత్త జెర్సీలు వేసుకుని ఎండలో నిలబడి ఉన్నారు, వాళ్ళ ఆట మొదలై నాలుగు పాసులు పడ్డాయో లేదో ఆయన కారు కదిలింది. దాని వెనకే పెద్దలు, పెద్దల వెనకే భోజనాలకు జనం. గ్యాలరీలో ఒక్కరూ కూర్చోలేదు, కూర్చోలేరు. తూర్పున కట్టి పడమటికి తిప్పిన సిమెంటు మెట్లు మధ్యాహ్నమంతా కాలి పెనాలై ఉన్నాయి, సాయంత్రం సూర్యుడు నేరుగా కళ్ళలోకే. కింది మెట్టుకు నల్లరాతి ఫలకం అతికించారు. నాయకుడి పేరు పెద్దది, వసంతకుమార్ పేరు తర్వాతిది, అయ్యగారి పేరు అడుగున. క్లబ్బు పేరు యాభై అడుగుల దూరంలో నీళ్ళ ట్యాంకు మీద రాశారు.

నాయకుడు బంతి తన్నకముందే లేవి రాళ్ళ కోసం చూశాడు. చర్చి వెనక లేవు. ప్రహరీ లేదు. అంత దిబ్బ ఏమైందో అడుగుదామని వసంతకుమార్ దగ్గరకు నడిచాడు. వాడు బంతి తన్నబోయే నాయకుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆయన బూట్ల లేసులు కడుతున్నాడు. కట్టి, అరచేత్తో బూటు దుమ్ము కూడా తుడిచాడు.  లేవి అడగవలసిన మాట నోట్లోనే పెట్టుకుని మొహం తిప్పుకుని ఇంటికి పోయాడు. భోజనం కూడా చేయలేదు. ఆ రోజు అడిగుంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు.

మామిడికాయలు రాల్చే వాన మే నెలలో పడింది. గాలీ వానా కలిసి ఒక పూటంతా బాదింది. మట్టి ఆరాక ఆడపిల్లల టీము ప్రాక్టీసుకు పోయింది. జీవిత కుంటుకుంటూ ఇంటికొచ్చింది. కుడి మోచేయి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది, తుంటి దగ్గర బట్ట చిరిగి రక్తం అంటుకుంది. ఏసుమణి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో కడుగుతుంటే పిల్ల పళ్ళు బిగించి కూర్చుంది. గాయంలో ఏదో తగిలింది. ఏసుమణి రెండు గోళ్ళతో పట్టి లాగింది. వేలిగోరంత పెచ్చు. కడిగితే ఒక అంచు తెల్లగా కనిపించింది. ఆమె దాన్ని లేవి అరచేతిలో పెట్టింది.

సున్నం. ఏటేటా ఒకదాని మీద ఒకటి కొట్టిన పొరలు. ఈస్టరు సున్నం దిబ్బ మెట్లకు తప్ప ఈ ఊళ్ళో ఏ రాయికీ వేయరు.

లేవి చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి మైదానానికి నడిచాడు. ఎర్రమట్టి కాలువ పాలైపోయింది. ఆ మట్టి మందం ఎంత? చపాతీ అంత. దాని కింద, ఈ గోలు నుంచి ఆ గోలు దాకా, పెచ్చులు. తల్లులు కొంగుల్లో మోసినవి, తాను తువ్వాల్లో మోసినవి, గిడ్డయ్య మోసినవి, ప్రార్థన చేసినవి, సున్నం కొట్టినవి. మైదానం ఎత్తు పెంచడానికి బయటి నుంచి గ్రావెలు తోలినట్టు బిల్లు పెట్టుకున్నారు. తోలలేదు. దిబ్బను కూలదోసి మైదానం నిండా పరిచి, పైన మట్టి చల్లి, నాయకుడి చేత తన్నించారు. అన్ని తరాలు ఏరిన రాళ్ళను మళ్ళీ ఆ నేలకే పోశారు. లేవి పాదం తెగింది. ఆయన చూసుకోలేదు. ఆయన జీవితంలో ఎన్నో చూసి ఉమ్మాడు గానీ, ఆ రోజు నోట్లో తడి కూడా లేదు.

కబురు విని గిడ్డయ్య ఆదోని నుంచి వచ్చాడు. మైదానం చుట్టూ ఒకసారి నడిచి, తాను నిలబడే గోలు దగ్గర ఆగిపోయాడు. "లేవప్పా, మనం ఏరి పారేసిందాన్ని ఈళ్ళు దుడ్లు తీసుకుని మనకే పోసినారు కదప్పా," అన్నాడు. 

జూన్‌లో ప్రొద్దుటూరు టీము వచ్చింది. వాళ్ళ గోల్‌కీపరు వచ్చి వంగి ఒక పెచ్చు తీసి చూసి, జాగ్రత్తగా కింద పెట్టి, బస్సెక్కి కూర్చున్నాడు. ఆట జరగలేదు. ఇక మీదట సుద్దపల్లె మైదానంలో పోటీలు పెట్టేది లేదని లీగు వాళ్ళు చెప్పేశారు. సొంత మైదానం ఉన్న క్లబ్బు కాస్తా, పక్క ఊళ్ళ వాళ్ళను బతిమాలుకుని ఆడే క్లబ్బు అయింది. వసంతకుమార్ చాలా బాధపడ్డాడు. బాధపడి ఇంకో ఆలోచన చేశాడు. ఎట్లాగూ ఆట లేదు కాబట్టి మైదానమంతా సిమెంటు పలకలు పరిపించి పెళ్ళిళ్ళకూ ఎగ్జిబిషన్లకూ అద్దెకు ఇద్దామని పెద్దల మీటింగులో అన్నాడు. కమాను ఉండనే ఉంది, గ్యాలరీలో బాజాలవాళ్ళు కూర్చుంటారు. అది జరిగితే ఇక ఏరడానికి కూడా ఏమీ మిగలదు. బేతనియ క్లబ్బుకు నేల అన్నదే ఉండదు.

ఆ మీటింగులో లేవి జేబులోంచి సున్నపు పెచ్చు తీసి బల్ల మీద పెట్టాడు. ఇది నా మనవరాలి చేతిలో దిగిందన్నాడు. దిబ్బ రాళ్ళను మైదానంలో ఎందుకు పరిచినావని అడిగాడు. 

వసంతకుమార్ తొణకలేదు. పెచ్చును చేతిలోకి తీసుకుని, అందరికీ కనపడేటట్టు పట్టుకున్నాడు.

"మేము క్రషరుకు తోల్తామంటిమి. నువ్వే వద్దంటివి మామా. ఒక్క రాయి కూడా కాంపౌండు దాటగూడదని ఇందరి ముందర చెప్తివి, అయ్యగారు ఆమేన్ అనిరి. నీ మాట నేను తప్పితినా? లెక్కబెట్టుకో. ఒక్క రాయి కూడా దాటలా."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు, మెల్లగా, పెద్దమనుషుల్లాగా. అయ్యగారు నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. మూత వచ్చేసినా తిప్పుతూనే ఉన్నాడు. పలకల సంగతి కోతల పండుగ అయ్యాక ఖరారు చేద్దామని లేచారు. పోతూ పోతూ పొట్లాలు తీసుకుపోయారు. లేవికి తన మాటే తన ఎదుట వచ్చి కూర్చుని పళ్ళికిలిస్తున్నట్టనిపించింది. ఫ్లెక్సీ మీది మనిషి లాగా. ఈసారి ఎటు మొహం తిప్పుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చి ఏసుమణి ముందు వసంతకుమార్‌ను వాడి వంశంతో సహా ఏకిపారేశాడు. పెద్దలను ఏకాడు. పాస్టరును ఏకాడు. ఆమె చివరిదాకా విన్నది. ఇంకా మానని కాలి గాయానికి పసుపు పెడుతూ నెమ్మదిగా అన్నది.

"వాళ్ళు దొంగోళ్ళే, కాదనను. కానీ వాళ్ళు రాళ్ళు పరస్తాంటే నువ్వు యాడుండావు? శానా అసహ్యమని మొగం అట్ల తిప్పుకుంటివి. వాళ్ళకు కావాల్సింది అదే కదయ్యా."

లేవి కోపంతో ఊగిపోవాల్సింది. ఊగలేదు. 

కోతల పండుగ వచ్చింది. చర్చి ముందు గుమ్మడికాయలు, జొన్నకంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయ్యాక అయ్యగారు మైకులో, ప్రతిధ్వని పెట్టి మరీ, ప్రకటించాడు. దేవుని కృపవల్ల మనకు కొత్త స్టేడియం వచ్చింది కాబట్టి ఈ ఏడు నుంచి ఏరుడు ఉండదు, నేరుగా వేలంపాట, తర్వాత విందు. జనం కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. మొదటి వేలం ఒక సొరకాయ. వసంతకుమార్ అందరికన్నా పెద్దగా పాడుతున్నాడు. ఆయన దాతృత్వానికి చప్పట్లు పడుతున్నాయి.

లేవి లేచి బయటికి నడిచాడు. ఎవరూ పట్టించుకోలేదు. అసహ్యమేసి పోతున్నాడనుకున్నారు. అసహ్యం వేసిన మాట నిజమే. అయితే ఆయన ఇంటి దారి పట్టలేదు.

తూర్పు గోలు దగ్గర నిలబడి భుజం మీది తువ్వాలు తీసి పరిచాడు. వంగాడు. నడుం పట్టేసింది, ఆగి మళ్ళీ వంగాడు. ఒకటి, ఇంకొకటి. మైదానమంతా కళ్ళెదుటే ఉంది, తన ఆయుష్షు ఎంతో కూడా తెలుసు. అయినా వంగుతూనే ఉన్నాడు. కాసేపటికి పక్కన చేయి అందేంత దూరంలో గిడ్డయ్య వచ్చి నిలబడ్డాడు. అటు పక్కన జీవిత, మచ్చలు మిగిలిన చేతితో. ఆ పిల్ల వెనకే టీములోని మిగతా ఆడపిల్లలు, పండుగ బట్టలతోనే. ఎవరూ పిలవలేదు. అందరికన్నా వెనక ఏసుమణి కొంగు బొడ్లో దోపుకుంటూ వచ్చి వరసలో చేరింది. ఆడపిల్లలు సగం రాళ్ళు వదిలేస్తున్నారని లేవి విసుక్కున్నాడు. కళ్ళు యాడ పెట్టుకోని ఏరుతాండారని గొణిగాడు.

ఏసుమణి కొంగు నిండింది. బరువుకు ముందుకు వంగి, భర్త దగ్గరకు వచ్చింది. పడమర దిక్కు చూసింది. అక్కడ దిబ్బ లేదు, నున్నటి ఖాళీ.

"ఇవి యాడ వేయాల?"

ఈసారి లేవి దగ్గర జవాబుంది. తువ్వాలు మూట కట్టి భుజానికెత్తుకుని సిమెంటు గ్యాలరీ వైపు నడిచాడు. నాయకుడి ఫలకం ముందు ఆగి, మూట విప్పి, కింది మెట్టు మీద బోర్లించాడు. రాళ్ళు గలగలమంటూ ఫలకానికి ఆనుకుని పడ్డాయి. అడుగున ఉన్న అయ్యగారి పేరు కప్పుకుపోయింది. దాని మీద ఏసుమణి కొంగు, దాని మీద గిడ్డయ్య పంచె, తర్వాత పిల్లల చున్నీలు. వసంతకుమార్ పేరు కూడా పోయింది.

ఆ చప్పుడుకు వేలం ఆగింది. జనం చర్చి మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఒక ముసలామె, ఎప్పుడో విశ్వాసమ్మ పక్కన ఏరిన మనిషి, కర్రను గోడకు ఆనించి కొంగు సర్దుకోవడం మొదలుపెట్టింది. వసంతకుమార్ సొరకాయ చంకలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది మామా ఇది? గ్యాలరీ అంతా రాళ్ళు పోస్తాండావు. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

లేవి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఉమ్మలేదు. మొహం తిప్పుకోలేదు. వసంతకుమార్ కళ్ళలోకి నేరుగా చూశాడు.

"లెక్కబెట్టుకోప్పా. ఒక్క రాయి కూడా కాంపౌండు దాటలా."

అని మళ్ళీ మైదానంలోకి దిగాడు.